తిరగబడినా మునగని తెప్ప

1933కు ముందు విశాఖపట్నంలో ఓడ ఒడ్డును తాకేది కాదు. కెరటాలు విరిగే చోటుకు బాగా ఆవల, లోతు నీళ్లలో లంగరు వేసుకుని నిలబడేది. సరుకు దిగాలన్నా, దొర దిగాలన్నా, ఉత్తరం అందాలన్నా ఓడకూ ఇసుకకూ నడుమ ఉన్న నీళ్లు దాటాలి. చూడ్డానికి అది పెద్ద దూరం కాదు. ఆ కాస్త దూరంలోనే కెరటాలు వరసకట్టి లేచి విరుగుతుంటాయి. ఓడలు మోసుకొచ్చిన గట్టి పడవలు అక్కడికి వస్తే నేలకు గుద్దుకుని పగిలిపోయేవి. ఆ కెరటాలను దాటగలిగినవి ఈ తీరంలో రెండే. పలకలను కొబ్బరి పీచు తాళ్లతో కుట్టిన మసూలా పడవ ఒకటి, దుంగలను పక్కపక్కన చేర్చి కట్టిన తెప్ప రెండోది. ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ 1682లో ఇక్కడ వర్తకశాల పెట్టింది. అప్పటినుంచి రెండున్నర శతాబ్దాల పాటు ఈ ఊరి సముద్ర వ్యాపారమంతా ఆ రెంటినీ నడిపిన వాళ్ల రెక్కల మీదే సాగింది.

రేవు లేని ఊరు ఎలా ఉంటుందో 1804 సెప్టెంబరు 15న జరిగిన యుద్ధం చూపిస్తుంది. ఆ రోజు ఫ్రెంచి నౌకాధిపతి లినోవా మూడు యుద్ధనౌకలతో విశాఖ ముందుకు వచ్చాడు. తెరిచిన సముద్రంలో లంగరు వేసుకుని ఉన్నవి ఇంగ్లిష్ యుద్ధనౌక సెంచూరియన్, దాని రక్షణలో ఉన్న రెండు సరుకు ఓడలు. సెంచూరియన్ కెప్టెన్ జేమ్స్ లిండ్ అప్పుడు ఓడలో లేడు, ఊళ్లో ఉన్నాడు. పోరు మొదలయ్యాకే పడవ ఎక్కి ఓడను చేరుకోగలిగాడు. సరుకు ఓడల్లో ఒకటి ఫ్రెంచివాళ్లకు చిక్కింది. రెండోది బార్నబీ. అది కెరటాల్లోకి కొట్టుకొచ్చి ఒడ్డున పగిలిపోయింది. అంత ఓడను ముక్కలు చేసిన ఆ కెరటాల మీదుగానే జాలారిపేటల మత్స్యకారులు రోజూ తెల్లవారుజామున వేటకు పోయి, ఎండ ముదిరేవేళకు తిరిగొచ్చేవారు. వాళ్ల కింద ఉన్నది నాలుగైదు దుంగలు.

తెప్ప తయారీలో పైకి కనిపించని తెలివి చాలా ఉంది. తేలికైన కలప ఎంచుకుని, చెక్కి, మధ్య దుంగలు కాస్త దిగువగా, పక్క దుంగలు కాస్త ఎత్తుగా కుదిరేట్టు చేర్చి తాళ్లతో బిగిస్తారు. తమిళ తీరంలోని కట్టుమరం చదునుగా, ముందుకు ముక్కు సాచినట్టు ఉంటుంది. ఉత్తరాంధ్ర, గంజాం తీరాల్లో తెప్పను పడవ ఆకారానికి దగ్గరగా మలిచారు. మద్రాసు ప్రెసిడెన్సీలో మత్స్యశాఖ డైరెక్టరుగా పనిచేసిన జేమ్స్ హార్నెల్ 1920ల్లో ఈ తేడాలను ఓపిగ్గా నమోదు చేశాడు. కలప నీళ్లు పీలుస్తుంది. పీల్చిన కొద్దీ బరువెక్కి లోతుగా కూరుకుపోతుంది. అందుకే వేట ముగిసి ఒడ్డుకు రాగానే కట్లు విప్పి, దుంగలను విడదీసి, ఇసుక మీద ఆరబెట్టేవారు. మర్నాడు మళ్లీ కట్టుకునేవారు. ఒక్క మేకు కూడా లేని ఆ కట్టుబడికి కెరటం కింద కాస్త వంగి సర్దుకునే గుణం ఉంటుంది. దుంగల మధ్య సందులుంటాయి కనుక పైకెక్కిన నీరు ఆ సందుల్లోంచే దిగిపోతుంది. తోడాల్సిన పని లేదు, నిండిపోతుందన్న భయం లేదు.

ఇంగ్లిష్ నావికుడు విలియం డాంపియర్ 1697లో అచ్చయిన తన యాత్రాగ్రంథంలో కోరమండల్ తీరపు తెప్పల గురించి రాశాడు. ఒక్క మనిషిని మోసేంత చిన్నవని, ఎక్కినవాడి కాళ్లు ఎప్పుడూ నీళ్లలోనే ఉంటాయని అతని వర్ణన. ఓడ మనుషులకు అది వింతగా, కొంచెం జాలిగా తోచి ఉంటుంది. నిజానికి తెప్పవాడి భద్రత ఆ తడిలోనే ఉంది. పడవ పొడిగా ఉన్నంతసేపే తేలుతుంది. తెప్ప తడిసే తేలుతుంది. నీళ్లు నిండే బొజ్జ దానికి లేదు కాబట్టి మునగడానికి దారే లేదు.

అలాగని తెప్ప తిరగబడదా అంటే, తిరగబడుతుంది, తరచుగానే. విశాఖ కెరటాల్లోంచి బయటికి పోవడం ఎలాగో చూస్తే ఈ సంగతి అర్థమవుతుంది. ఇద్దరు ముగ్గురు మనుషులు తెప్పను మోకాలి లోతు దాకా నెట్టుకుపోయి అక్కడ ఆగుతారు. ముందున్నవాడి చూపు దగ్గరి కెరటం మీద ఉండదు, దాని వెనక లేస్తున్న వాటి మీద ఉంటుంది. పెద్ద కెరటాలు గుంపుగా వస్తాయి, గుంపుకూ గుంపుకూ నడుమ కొంత తెరిపి దొరుకుతుంది. చివరి పెద్ద కెరటం విరిగి తెల్లటి నురగ కాళ్లను దాటగానే అందరూ ఒక్క ఊపున నెట్టి, ఎక్కి, మోకాళ్ల మీద కూర్చుని తెడ్లు వేస్తారు. తెప్ప తల కెరటానికి సూటిగా ఎదురుగా ఉండాలి. ఓ పక్కకు తిరిగిందా, కెరటం దాన్ని పట్టి దొర్లించేస్తుంది. తిరుగు ప్రయాణంలో ఇంకా జాగ్రత్త పడాలి. కెరటాలు విరిగే చోటుకు ఆవలే ఆగి, పెద్దవాటిని ముందు పోనిచ్చి, ఆఖరి దాని వీపు వెనకే రావాలి. తొందరపడి కెరటం ముఖం మీదికి ఎక్కితే తెప్ప ముక్కు కిందికి గుచ్చుకుని అడ్డంగా తిరుగుతుంది.

తిరగబడ్డప్పుడు చేసే పని ఒక్కటే. తెప్పను వదలకూడదు. నురగలోంచి తల పైకెత్తి దుంగనో తాడునో దొరకబుచ్చుకుంటారు. కెరటం దాటిపోయేదాకా దాన్నే పట్టుకుని ఉంటారు. తర్వాత అంచు మీద ఛాతీ ఆనించి, కాళ్లతో నీళ్లను కొట్టి మీదికి జారుతారు. తెప్ప వీపు నీటికి జానెడు ఎత్తు కూడా ఉండదు కనుక ఎక్కడం కష్టం కాదు. ఎక్కాక తోడటాలు ఉండవు, ఆరబెట్టుకోవడాలు ఉండవు. తెడ్డు దొరికితే చాలు, వేట మళ్లీ మొదలు. పదేళ్ల పిల్లలు ఒడ్డు దగ్గర ఆడుకుంటూనే ఇది నేర్చేసుకునేవారు. దీనికి ఎవరూ శిక్షణ అని పేరు పెట్టలేదు.

ఇప్పుడు ప్రపంచమంతా కయాక్ మీద గాలం వేసేవాళ్లు డబ్బు కట్టి నేర్చుకుంటున్న పాఠం ఇదే. తిరగబడిన పడవను వదలకుండా, బయటి సాయం లేకుండా, లోతు నీళ్లలో మళ్లీ దాని మీదికి ఎక్కడం. కయాక్ పుట్టింది ఉత్తర ధ్రువ తీరాల్లో. అక్కడి ఇన్యూట్ వేటగాళ్లు సీల్ చర్మంతో పైభాగమంతా కప్పిన సన్నటి పడవ చేసుకుని, నడుము దగ్గర నీరు చొరకుండా తోలు చొక్కాను పడవ అంచుకే బిగించుకునేవారు. ఆ మంచునీళ్లలో పడితే మనిషికి మిగిలేది కొద్ది నిమిషాలే. అందుకని తిరగబడినా పడవలోంచి దిగకుండా, తెడ్డు విసురుతో ఒళ్లు తిప్పి మళ్లీ నిటారుగా లేచే విద్యను సాధించారు. బంగాళాఖాతం వెచ్చన. విశాఖ ముందు పైనీటి వేడి చలికాలంలోనూ 25 డిగ్రీల అటూఇటూ ఉంటుంది, వేసవిలో 30కి చేరుతుంది. ఇక్కడ నీళ్లలో పడటం ప్రమాదం కాదు, పడవకు దూరం కావడమే ప్రమాదం. అక్కడ పడవలోంచి బయటికి రాకుండా ఉండే విద్య పెరిగింది. ఇక్కడ బయట పడినా మళ్లీ ఎక్కే విద్య పెరిగింది. రెంటినీ నేర్పింది నీటి వేడే.

1970ల మొదట్లో కాలిఫోర్నియాలోని మాలిబు తీరంలో టిమ్ నీమియర్ అనే యువకుడు లోపల కూర్చునే కయాక్‌ను పక్కనపెట్టి, మీద కూర్చునే కయాక్ చేశాడు. లోపల గాలి నిండిన, మూసేసిన దొప్ప, పైన కూర్చోడానికి పల్లం, ఆ పల్లంలో చేరిన నీరు కిందికి పోయేందుకు పైనుంచి అడుగు దాకా దూసిన రంధ్రాలు. మునగదు, నీళ్లు నిండవు, పడితే మళ్లీ ఎక్కొచ్చు. ఈనాడు చేపల వేటకు వాడే కయాకుల్లో ఎక్కువ భాగం ఈ బాణీవే. నీమియర్‌కు విశాఖ తెప్ప గురించి తెలిసి ఉండాల్సిన అవసరమేమీ లేదు. వెచ్చటి సముద్రం, విరిగే కెరటాలు, ఒంటరి వేటగాడు ఉన్న చోట బుద్ధి ఆ దారినే నడుస్తుంది. కాకపోతే కోరమండల్ తీరం ఆ దారిలో కొన్ని శతాబ్దాలు ముందు నడిచింది. విశాఖ రుషికొండ బీచిలో కయాక్ అద్దెకు తీసుకునే కుర్రవాళ్లకు ఈ మాట చెప్పేవాళ్లు ఉండాలి.

తెప్పవాళ్ల నేర్పు తమ ప్రాణాలను కాపాడుకోవడంతో ఆగలేదు. మద్రాసులో రేవు కట్టక ముందు, మసూలా పడవలు కూడా కదలలేనంత సముద్రం పొంగినప్పుడు ఓడలకు ఉత్తరాలు మోసింది తెప్పవాళ్లే. తాటాకుతో అల్లిన కోసు టోపీలో కాగితాలు పెట్టుకుని కెరటాలు దాటేవారు. దొరలు ఎక్కిన పడవల వెంట తెప్పలు కూడా నడిచేవి. పడవ తిరగబడితే నీళ్లలో పడినవాళ్లను ఏరుకోవడం వాళ్ల పని. ప్రాణాలు కాపాడినవాళ్లకు పతకాలు ఇచ్చిన సంగతి ఆనాటి ఆంగ్లేయుల రాతల్లో ఉంది. తెప్ప మీద గోచీ, టోపీ, మెళ్లో పతకం, ఇంతే ఆ మనిషి ఆస్తి.

ఇదే తెలుగు విద్య పూరీ తీరంలో ఇంకో ఉద్యోగమైంది. ఉత్తరాంధ్ర తీరం నుంచి వలసపోయిన వాడబలిజ మత్స్యకార కుటుంబాలు పూరీలో స్థిరపడ్డాయి. అక్కడి పెంఠకట పేట ఇవాళ్టికీ తెలుగు మాట్లాడే మత్స్యకారుల ఊరే. వాళ్లను అక్కడ నూలియాలంటారు. జగన్నాథ దర్శనానికి వచ్చి సముద్రస్నానానికి దిగే యాత్రికుల చేయి పట్టుకుని కెరటాల్లోకి తీసుకెళ్లి, భద్రంగా ఒడ్డుకు చేర్చడం నూలియాల వృత్తి. కోసు టోపీ వాళ్ల గుర్తు. బెంగాల్ నుంచి పూరీకి వచ్చిన ఎన్నో తరాల కుటుంబాలకు సముద్రమంటే ముందు గుర్తొచ్చేది నూలియా చేయి. మన దేశంలో సముద్రతీరపు ప్రాణరక్షకుల చరిత్ర రాయాలంటే ఆ తెలుగు చేతుల దగ్గరే మొదలుపెట్టాలి.

సముద్రం మీద మనిషికి ధైర్యం చేతుల్లోంచి ఎంత వస్తుందో నమ్మకంలోంచీ అంత వస్తుంది. ఎడ్గార్ థర్స్టన్ 1909లో అచ్చువేసిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాల్లో వాడ మత్స్యకారుల దేవతలను గురించి వివరంగా రాశాడు. వాళ్లలో బెంగాలీబాబు అనే దేవుడు ఉన్నాడు. టోపీ పెట్టుకుని నల్లగుర్రం మీద తిరుగుతాడు. అమ్మవార్లతో పాటు అతన్నీ కొలిచి వేటకు పోయేవారు. ఉత్తరాది ఓడల రాకపోకలు, దొరల టోపీలు, కళింగ తీరపు వ్యాపారం, అన్నీ కలిసి ఆ దేవుడి రూపం కట్టి ఉంటాయి. 1980ల్లో విశాఖ జాలారిపేటలో ఉండి పరిశోధన చేసిన అమెరికన్ మానవశాస్త్రవేత్త చార్లెస్ నకల్స్ పుస్తకాల్లో కూడా, చేప దొరకని రోజునూ ఇంట్లో జబ్బునూ అమ్మవారి అలకతో ముడిపెట్టి, దాని కారణం వెతికి, తీర్పు అడిగే జాలార్లు కనిపిస్తారు. కారణం తెలుసుకోకుండా మళ్లీ సముద్రం మీదికి పోకూడదన్నది వాళ్ల పట్టుదల. ప్రమాదం జరిగాక కారణం వెతికే ఆ అలవాటుకు విలువ ఉంది.

చివరికి విశాఖకూ రేవు వచ్చింది. బెంగాల్ నాగపూర్ రైల్వే ఆధ్వర్యంలో 1920ల చివర పనులు సాగాయి. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న ఉప్పుటేరు బాడవను తవ్వి లోపలి రేవు చేశారు. దారిలో ఇసుక మేట వేయకుండా జేనస్, వెల్లెడ్సన్ అనే రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా పెట్టారు. 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ మొదటిసారి లోపలికి వచ్చింది. డిసెంబరు 19న వైస్రాయ్ విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించాడు. ఓడకూ ఒడ్డుకూ మధ్య మనిషిని మోసే పని ఆ రోజుతో తీరిపోయింది. వేట మాత్రం మిగిలింది.

అయితే రేవు సముద్రాన్ని కూడా మార్చింది. నైరుతి రుతుపవనాల కెరటాలు ఈ తీరం వెంట ఇసుకను ఉత్తరానికి తోసుకుపోతుంటాయి. రేవు కట్టడాలు ఆ ఇసుకకు అడ్డుపడ్డాయి. దాంతో ఉత్తరాన ఉన్న తీరం కోతకు గురైంది. పోగుపడ్డ ఇసుకను తవ్వోడతో తీసి రామకృష్ణా బీచి వైపు పోసే పని దశాబ్దాలుగా నడుస్తోంది. 1952లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్, ఇక్కడి విద్యార్థులు కలిసి వాల్తేరు తీరంలో ఇసుక ఎప్పుడు పెరుగుతుందో, ఎప్పుడు తరుగుతుందో నెలనెలా కొలిచారు. మన దేశంలో సముద్ర శాస్త్రం చదువుగా వేళ్లూనుకున్నది ఆ కొలతలతోనే. తెప్పవాడికి ఇది పుస్తకం సంగతి కాదు. ఇసుక దిబ్బ ఎక్కడ పెరిగితే కెరటం అక్కడ విరుగుతుంది. దిబ్బల మధ్య పాయ ఎక్కడ ఏర్పడితే ఒడ్డుకు చేరిన నీళ్లన్నీ ఆ పాయలోంచే వెనక్కి లాగుతాయి. రామకృష్ణా బీచిలో, యారాడలో సరదాగా దిగిన కుర్రవాళ్లను మింగేది ఎక్కువగా ఆ పాయలే. అక్కడ కెరటం విరగదు, నీరు నెమ్మదిగా ఉన్నట్టు కనిపిస్తుంది, అదే మోసం. తెప్పవాడు ఆ నీటిని చూసి గుర్తుపడతాడు. వాడికి అది బయటికి పోయే దారి.

1970ల్లో వెలుపలి రేవు, చేపల రేవు వచ్చాక వేట రూపం మారిపోయింది. మరబోట్లు పెరిగాయి. విశాఖ నుంచి బయల్దేరిన సోనా అనే మరబోట్లు రొయ్యల కోసం రోజుల తరబడి హుగ్లీ నది ముఖం దగ్గరి శాండ్‌హెడ్స్ దాకా పోయేవి. 1979లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ మద్రాసు కేంద్రంగా మొదలుపెట్టిన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్ ఇంకో దారి వెతికింది. రేవు అక్కర్లేకుండా, కెరటాలు దాటి నేరుగా ఇసుక మీదికి రాగల చిన్న ఇంజన్ పడవను రూపొందించి ఆంధ్ర తీరంలో పరీక్షించింది. నేల తగిలే లోపు పంకాను పైకెత్తుకునే ఏర్పాటు చేసింది, నీళ్లు నిండినా మునగకుండా తేలే పదార్థాన్ని పడవ ఒంట్లోనే నింపింది. తెప్ప గుణాలు వదులుకోకుండా ఇంజన్ పెట్టాలన్నది ఆ ఇంజనీర్ల ప్రయత్నం. తర్వాత వ్యాపించిన ఫైబర్ తెప్పలకు ఆ ఆలోచన కొంత అబ్బింది. పెదజాలారిపేట, జోడుగుళ్లపాలెం, మంగమారిపేట ఇసుక మీద ఇవాళ వరసగా కనిపించేవి అవే. దుంగల తెప్ప కనుమరుగవుతోంది.

ఇంజన్‌తో సౌఖ్యం పెరిగింది, దూరం పెరిగింది, రాబడి పెరిగింది. దాన్ని తప్పుపట్టే హక్కు ఒడ్డున కూర్చున్నవాళ్లకు లేదు. కానీ ప్రాణరక్షణ లెక్క మాత్రం తారుమారైంది. దుంగల తెప్ప మీంచి పడినవాడికి తెప్ప చేతికందే దూరంలోనే ఉండేది, ఎందుకంటే అతను ఆగితే తెప్పా ఆగేది. ఇంజన్ బోటు మీంచి ఒంటరిగా పడినవాణ్ని వదిలి బోటు ముందుకు పోతుంది. లైఫ్ జాకెట్ తొడుక్కోని తాతను చూసి మనవడూ తొడుక్కోడు. తాతకు అక్కర్లేకపోయింది, తెప్పే అతని జాకెట్ గనుక. మనవడికి అది లేదు. ఇంత ముఖ్యమైన తేడాను తీరంలో ఎవరూ గట్టిగా చెప్పకపోవడం బాధాకరం. 1996 నవంబరు 6 రాత్రి కాకినాడ దగ్గర తీరం దాటిన తుపానులో వెయ్యి మందికి పైగా పోయారు. సముద్రంలో బోట్ల మీద చిక్కుకుపోయిన మత్స్యకారులు వాళ్లలో వందల్లో ఉన్నారు. దూరం పోగలిగే బోటు, అంతే దూరం వెనక్కి రావడానికి పట్టే సమయాన్ని కూడా వెంట తెస్తుంది.

గాలంతో వచ్చే ప్రమాదం వేరు. విశాఖ, అనకాపల్లి తీరాల్లో చిన్న బోట్ల మీద చేతి తాడుతో పెద్ద చేపలు పట్టేవాళ్లు ఇప్పటికీ చాలామంది. కొమ్ము కోనాం అనే చేప నూరు కిలోలు దాటి పెరుగుతుంది, ముక్కు ఈటెలా ఉంటుంది. 2022లో ఈ తీరంలో ఒక మత్స్యకారుడు ఆ ముక్కు పొడిచి చనిపోయాడు. 2025 జులైలో మరొకరిని తాడుతో సహా చేప నీళ్లలోకి లాక్కుపోయింది. తోటివాళ్ల కళ్లముందే అది జరిగిపోయింది. తాడును చేతికి చుట్టుకోవడం క్షణం పని. చేప ఉన్నట్టుండి కిందికి గుంజినప్పుడు ఆ చుట్టు విప్పుకోవడానికి క్షణం కూడా ఉండదు. కయాక్ మీద కూర్చున్నవాడికి ఈ ముప్పు రెండింతలు. అతని పడవ బరువు 30 కిలోల చుట్టుపక్కల, పక్కన తోటివాడు లేడు. తాడు చేతికి చుట్టకపోవడం, ఒక్క గుంజులో అందే చోట కత్తి ఉండటం, తప్పదనుకుంటే చేపను వదిలేయడం, ఈ మూడూ సముద్రం మీద గాలం వేసే ప్రతివాడికీ మొదటి పాఠాలు కావాలి.

తెప్పకూ కయాక్‌కూ ఇంకో తేడా ఉంది. దుంగల తెప్ప నీళ్లు పీల్చి, బరువుగా, నీటి మట్టానికే అంటుకుని ఉంటుంది. గాలి దాన్ని పట్టలేదు. ప్లాస్టిక్ కయాక్ తేలిక, నీటి మీద ఎత్తుగా నిలబడుతుంది. మనిషి పడిపోగానే ఖాళీ కయాక్‌ను గాలి ఈతగాడి కంటే వేగంగా తోసుకుపోతుంది. విశాఖలో వేసవి ఉదయాలు భూమి మీంచి సముద్రం వైపు గాలి వీస్తుంటుంది. పాతకాలపు తెరచాప తెప్పలు ఆ గాలితోనే బయటికి పోయి, మధ్యాహ్నం సముద్రం మీంచి తిరిగే గాలితో ఇంటికొచ్చేవి. తెడ్డు ఒక్కటే ఉన్న కయాక్‌కు ఆ ఉదయపు గాలి వెళ్లేటప్పుడు చుట్టం, తిరిగొచ్చేటప్పుడు పగ. పడవను వదలొద్దన్న తెప్పవాడి సూత్రం ఇక్కడ చేతి పట్టుతో సరిపోదు. తెడ్డును పడవకు, కెరటాలు దాటాక పడవను మనిషికి తాడుతో కట్టుకోవాల్సిందే. కెరటాలు విరిగే చోట మాత్రం ఒంటికి తాడు ఉండకూడదు. దొర్లే పడవకు చుట్టుకుని అదే ఉరి అవుతుంది.

మళ్లీ ఎక్కడం చాలామంది అనుకున్నట్టు భుజబలం పని కాదు. బోర్లా పడిన కయాక్ మధ్యకు ఈదుకెళ్లి, అడుగు మీదుగా చేయి చాపి అవతలి అంచు పట్టుకుని, మోకాలు ఇవతలి అంచుకు ఆనించి, ఒంటి బరువు మొత్తం వెనక్కి వేస్తే అది తిరిగి వెల్లకిలా పడుతుంది. తర్వాతి అడుగులోనే తప్పు జరుగుతుంది. నీళ్లలో నిటారుగా వేలాడుతూ పైకి లాక్కోబోతే కాళ్లు కయాక్ కిందికి జారిపోయి, పడవ మళ్లీ మీద పడుతుంది. ముందు కాళ్లతో నీటిని తన్ని ఒంటిని నీటి మట్టానికి చదునుగా తేవాలి. అప్పుడు ఛాతీని అడ్డంగా పడవ మీదికి తోసి, బొడ్డు కూర్చునే పల్లం మీదికి వచ్చేదాకా జరిగి, వెల్లకిలా తిరిగి కూర్చుని, ఆఖరున కాళ్లు లోపలికి తీసుకోవాలి. జాలారిపేట పిల్లాడు తెప్ప అంచు మీద ఛాతీ వేసి జారే తీరు ఇదే. గాలాలు, పెట్టె, కర్రలు అన్నీ కట్టి ఉండాలి. తిరగబడినప్పుడు నీళ్లలో వేలాడే గాలపు ముళ్లు మనిషి ఒంట్లో దిగితే ఎక్కడం అక్కడితో ఆగిపోతుంది.

విశాఖలో సముద్రం మీదికి పోయేవాడికి ఇప్పుడు సమాచారం కొరత లేదు. వాతావరణ శాఖ తుపాను హెచ్చరికల కేంద్రం ఊళ్లోనే ఉంది. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ కెరటాల ఎత్తు, గాలి, చేపలు దొరికే చోట్ల అంచనాలు ఇస్తోంది. కోస్ట్‌గార్డును 1554 నంబరుకు ఫోన్ చేసి పిలవొచ్చు. రేవులో ప్రమాద సూచిక ఎగిరిన రోజున, ఎండ ఎంత కాసినా, కయాక్ నీళ్లు తాకకూడదు. ఓడలు తిరిగే కాలువ, నౌకాదళం హద్దులు ఈ ఊళ్లో మరీ దగ్గరగా ఉంటాయి, వాటికి దూరంగా ఉండాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో ఇంజన్ బోట్లకు వేట నిషేధం. ఇంజన్ లేని సంప్రదాయ తెప్పలకు అందులో మినహాయింపు ఉంది. ఆ 61 రోజులు సముద్రం మీద సాయం అందించగల బోట్లు తక్కువగా ఉంటాయన్నది కూడా లెక్కలో పెట్టుకోవాలి.

మిగిలింది మనుషుల సంగతి. ఉత్తరాంధ్ర మత్స్యకార కుర్రవాళ్లు ఇప్పుడు గుజరాత్‌లోని వెరావల్ బోట్ల మీద నెలల తరబడి కూలికి పోతున్నారు. 2018లో అలా వెళ్లి పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో ఇల్లు చేరినవాళ్లు శ్రీకాకుళం, విజయనగరం తీరాల్లో ఉన్నారు. తెప్పకు కలప ఎంచడం, కట్టు వేయడం, తెరిపి చూసి కెరటం దాటడం తెలిసిన వాళ్లు పేటల్లో ముసలివాళ్లయ్యారు. దుంగలకు కట్టు ఎక్కడ పడుతుందో, ఏ ముడి నీళ్లు తగిలితే బిగుస్తుందో వాళ్ల చేతుల మీదే వీడియో తీసి పెట్టుకోవడానికి ఇంకా వ్యవధి ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్ర శాస్త్రం ఉంది, మానవశాస్త్రం కూడా ఉంది. రుషికొండలో కయాకులు అద్దెకిచ్చేవాళ్లు కూడా ఆ పెద్దల్లో ఇద్దరిని జీతానికి పెట్టుకుని, ప్రతి కొత్తవాణ్ని మొల లోతు నీళ్లలో ఒకసారి తిరగబడేసి, మళ్లీ ఎక్కించి, ఆ తర్వాతే కెరటం దాటనివ్వొచ్చు. దానికయ్యే ఖర్చు పెద్దదేమీ కాదు.